రూన్‌స్కేప్ ఆటలో మార్పులు – ఆటగాళ్ల అభ్యంతరములు

ఒక కంప్యూటరు ఆటను గురించి విజ్ఞాన మాసపత్రికలో విమర్శ వ్రాయుట ఏమిటని ఉపాధ్యాయ మిత్రులు కొందరు అడుగవచ్చును. పాచికల ఆటను గురించి 1654లో పాస్కల్, ఫెర్మా వ్రాసికొన్న లేఖలనుండియే సంభావ్యతా సిద్ధాంతము రూపు దిద్దుకొన్నదని మనము తరగతిలో చెప్పుచున్నాము గదా. ఆ కాలమున పాచికలు చేసిన పనిని ఈ కాలమున ఇంటర్నెట్టుపై వేలమంది ఒకేసారి కలిసి ఆడు ఆటలు చేయగలవు. వాటిలో సంతలు ఉన్నవి, ధరలు ఉన్నవి, దొంగలు ఉన్నారు, చివరకు ఎన్నికలు కూడ ఉన్నవి. ఇట్టి ప్రపంచమునకు పాలకుడు ఒక వ్యాపార సంస్థ. ఆ పాలకుడు ఒకనాటి ఉదయమున నియమములను మార్చినచో ప్రజలు ఏమి చేయుదురు? వారి అభ్యంతరములలో న్యాయమెంత? ఈ ప్రశ్నలకు చక్కని ఉదాహరణ రూన్‌స్కేప్ అను ఆట.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జి పట్టణమునకు చెందిన జాగెక్స్ సంస్థ దీనిని నడుపుచున్నది. ఆండ్రూ గోవర్ అను యువకుడు తన సోదరుడు పాల్‌తో కలిసి తయారుచేసిన ఈ ఆట 2001 జనవరి 4న ప్రజలకు అందినది. ఆటగాడు ఒక ఊహాలోకమున ప్రవేశించి చెట్లు నరకును, చేపలు పట్టును, లోహములు కరగించును, భూతములతో పోరాడును. సంపాదించిన సరుకును తోటి ఆటగాళ్లకు అమ్మును. కొంత భాగము ఉచితము. మిగిలినదానికి నెలసరి చందా కట్టవలెను.

నియమములు మారినపుడు ఆటగాళ్లకు అంత కోపము ఎందుకు వచ్చునో తెలియవలెనన్న ముందు ఒక లెక్క చూడవలెను. మొదట ప్రతి విద్యలోను 1 మొదలు 99 వరకు మెట్లుండెడివి. రెండవ మెట్టు చేరుటకు 83 అనుభవాంకములు చాలును. తొంబదితొమ్మిదవ మెట్టుకు 1,30,34,431 కావలెను. దారిలో సరిగా సగము ఎక్కడ వచ్చునని విద్యార్థులను అడిగినచో చాలమంది 50 అందురు. నిజమునకు 92వ మెట్టుకు కావలసినవి 65,17,253 అంకములు. అనగా 92వ మెట్టు చేరినవాడు సగము దారిలోనే ఉన్నాడు. పై మెట్లలో ప్రతి ఏడు మెట్లకు మొత్తము రెట్టింపగుచుండును. రెండునకు ఏడవ మూలము సుమారు 1.104 కావున ఒక్కొక్క మెట్టు క్రిందిదానికంటె పదిశాతమునకు కొంచెము మించి కష్టము. చక్రవడ్డీకి ఇంతకంటె మంచి ఉదాహరణ పాఠ్యపుస్తకములలో నాకు కనబడలేదు.

ఈ లెక్కను గంటలలోనికి మార్చుదము. యూ అను చెట్టునుండి ఒక దుంగ కొట్టినచో 175 అంకములు వచ్చును. ఆ చెట్లతోనే 99వ మెట్టుకు పోదలచినవాడు సుమారు 74,500 దుంగలు కొట్టవలెను. దుంగకు అర నిమిషము పట్టుననుకొన్నచో 620 గంటలు. దినమునకు రెండు గంటల చొప్పున 310 దినములు. ఇది ఒక్క విద్యకు. ఇట్టివి ఇరువదికి పైగా ఉన్నవి. ఈ శ్రమ మంచిదా చెడ్డదా అను చర్చను ప్రస్తుతము ప్రక్కన పెట్టుదము. ఇంత కాలము వెచ్చించినవాని వస్తువుల విలువ ఒక మార్పుతో సగమైనచో వాడు మొరపెట్టుకొనుటను పిల్లల మారాముగా కొట్టివేయరాదు. పంట చేతికి వచ్చినాక తూనికరాళ్లు మార్చినట్లుండును.

ఇక మొదటి పెద్ద వివాదము. ఆటలోని నాణెములను నిజమైన డబ్బుకు అమ్మువారు క్రమముగా పెరిగినారు. శ్రమ చేయలేనివాడు డాలర్లిచ్చి నాణెములు కొనును; అమ్మువాడు పగలు రాత్రి కంప్యూటరు ప్రోగ్రాములచేత చెట్లు కొట్టించును. ఇట్టి యాంత్రిక ఆటగాళ్లకు బాట్‌లని పేరు. వారిలో కొందరు దొంగిలించిన క్రెడిట్ కార్డులతో చందాలు కట్టుచుండిరనియు, ఆ సొమ్మును బ్యాంకులు వెనుకకు తీసికొనుటవలన తమకు ప్రమాదము ఏర్పడినదనియు జాగెక్స్ చెప్పినది. ఇందుకు 2007 డిసెంబరు 10న ఒక తీవ్రమైన చికిత్స చేసినది. ఆటలో ఉత్తరమున వైల్డర్‌నెస్ అను అడవి యున్నది. అక్కడ ఆటగాళ్లు పరస్పరము పోరాడవచ్చును. ఓడినవాని సరుకులో అధిక భాగము గెలిచినవానికి చెందును. ఆ పోరాటమును సంస్థ ఎత్తివేసినది. 2008 జనవరి నుండి, విలువలో పెద్ద తేడా ఉన్న ఇచ్చిపుచ్చుకొనుటలను కూడ నిషేధించినది. అనగా స్నేహితునికి మంచి కత్తిని ఊరకనే ఇచ్చుటకు వీలులేకపోయినది.

రోగనిర్ణయము సరియైనదే. నాణెములను ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు ఉచితముగా చేర్చు మార్గములు రెండే: దానము, ఓటమి. రెండింటిని మూసినచో నాణెముల వ్యాపారము ఆగును. తర్కమున లోపము లేదు. లోపము ఎక్కడ ఉన్నదనగా, ఈ రెండు మార్గములు దొంగలకు మాత్రమే పనికివచ్చునవి కావు. దానమనగా స్నేహము, ఓటమి భయమనగా సాహసము. ఆటను వేలమందితో కలిసి ఆడుటకు కారణములలో ఇవి ముఖ్యమైనవి. ఆటలోనే వీధులలో గుంపులుగా చేరి నిరసన తెలిపిన ఆటగాళ్లు ఈ సంగతినే చెప్పినారు. సంస్థ దొంగల సంఖ్యను కొలిచినది గాని తాను తీసివేయుచున్న వస్తువు విలువను కొలువలేదు.

అదే సమయమున వచ్చిన మరియొక మార్పు అర్థశాస్త్రము బోధించువారికి ఉపయోగపడును. 2007 నవంబరు 26న గ్రాండ్ ఎక్స్‌ఛేంజ్ అను కేంద్ర విపణి తెరచినారు. సరుకు పేరు, ధర వ్రాసి పెట్టినచో కొనువాడు ఎక్కడ ఉన్నను బేరము కుదురును. ఇది మంచి ఏర్పాటే. అయితే ధర నిర్ణీత సూచికకు ఐదు శాతము పైకిగాని క్రిందికిగాని మించరాదను నియమము పెట్టినారు. అరుదైన వస్తువులకు నిజమైన గిరాకీ ఈ హద్దును దాటినపుడు ఏమి జరిగినది? అవి విపణిలో కనబడుట మానివేసినవి. వాటిని కావలెనన్నవారు సూచిక ధర చెల్లించి, మిగిలిన విలువకు బదులుగా అమ్మువాని వద్దనున్న ఎవరికిని అక్కరలేని చెత్త సామానును కూడ ఎక్కువ ధరకు కొనవలసి వచ్చినది. కొరత కాలమున కిరసనాయిలు కావలెనన్న సబ్బుబిళ్ల కూడ కొనుమని షరతు పెట్టు దుకాణదారుని కథ మన పెద్దలకు తెలియును. మనుష్యులెవరును నేర్పకుండనే, ఊహాలోకమునందు కూడ అదే షరతు తనంతట తాను పుట్టినది.

మూడేండ్లు గడచిన పిమ్మట సంస్థ వెనుకకు తగ్గినది. 2010 డిసెంబరులో, స్వేచ్ఛా వ్యాపారమును వైల్డర్‌నెస్‌ను తిరిగి తేవలెనా యని ఓటు అడిగినది. సుమారు 12 లక్షల ఓట్లు వచ్చినవి. 91 శాతము తేవలెననినారు. 2011 ఫిబ్రవరి 1న రెండును తిరిగి వచ్చినవి. ఫలితము ఆటగాళ్లకు సంతోషకరమే గాని, కొలతగా దీనిని నేను మెచ్చుకొనలేను. ఒక ఖాతా ఒక మనిషి కాదు. ఒక్కడే పది ఖాతాలు తెరువవచ్చును. నాణెములు అమ్ముకొనువానికి ఈ ఓటులో అందరికంటె ఎక్కువ లాభమున్నది, వానివద్ద ఖాతాలును ఎక్కువగా ఉన్నవి. సంఖ్య పెద్దదైనంత మాత్రమున నమూనా మంచిది కాదు. 1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ అను పత్రిక ఇరువది లక్షలకు పైగా అభిప్రాయములు సేకరించి, అధ్యక్ష పదవికి లాండన్ గెలుచునని ప్రకటించినది. రూజ్‌వెల్ట్ అఖండ విజయము సాధించినాడు. గణాంక శాస్త్రము చెప్పువారు ఈ రెండు ఉదాహరణలను ఒకదాని ప్రక్కన ఒకటి ఉంచి చూపవచ్చును. 91 శాతమన్న పెద్ద అంకెలో నిజమైన కోరిక చాలవరకు ఉండియే యుండును. ఎంతవరకు అనునది ఆ ఓటు చెప్పజాలదు.

తరువాత జరిగినది ఊహించదగినదే. బాట్‌లు మరల విజృంభించినవి. 2011 అక్టోబరు 25న సంస్థ వాటిని గుర్తించు కొత్త పద్ధతిని ప్రయోగించి, ఒక్కసారిగా సుమారు 15 లక్షల ఖాతాలను నిషేధించినట్లు ప్రకటించినది. ఓట్ల సంఖ్యను, ఈ సంఖ్యను పాఠకులు పోల్చి చూచుకొనవచ్చును. రెండింటికి నేరుగా సంబంధమున్నదని నేను అనుటలేదు. ఎన్నికల జాబితా ఎట్టిదో మాత్రము దీనినిబట్టి తెలియుచున్నది. ఇంకొక మాట. మనుష్యులకు ఇబ్బంది లేకుండ యంత్రములను పట్టు ఈ మార్గమును సంస్థ 2007లోనే వెదకి యుండవలసినది. రోగికి ఉపవాసము పెట్టుట సులభము. క్రిమిని గుర్తించుట కష్టము. మొదటిది ముందు చేసినారు.

నాణెముల అమ్మకమును దొంగతనముగా మాత్రమే చూచువారికి తరువాతి చరిత్ర కొంత ఇబ్బంది కలిగించును. 2017 ప్రాంతమున వెనెజువేలా దేశమున ద్రవ్యోల్బణము మితిమీరినపుడు అక్కడి జీతములు కాగితములైపోయినవి. చాలమంది ఇంటివద్ద కూర్చుండి ఈ ఆటలో పచ్చని డ్రాగనులను చంపి, వాటి ఎముకలు, చర్మములు అమ్మి, వచ్చిన నాణెములను విదేశీయులకు విక్రయించి బియ్యము, మందులు కొనుక్కొన్నారు. ఊహాలోకపు నాణెము వారి దేశపు నాణెముకంటె స్థిరముగా నిలిచినది! కొందరు ఆటగాళ్లు వీరిని వెదకి చంపుటకు ఉపాయములు చెప్పుకొన్నారు; మరికొందరు అట్టి చర్యను అమానుషమనినారు. నియమము దృష్టిలో వెనెజువేలా వారు తప్పు చేసినవారే. అయినను, డ్రాగను చర్మము ధరను తగ్గించు ఒక చిన్న మార్పు ఎక్కడనో ఒక ఇంటి రాత్రి భోజనమును తాకుచున్నదని తెలిసిన తరువాత, ‘ఇది ఆట మాత్రమే గదా’ అను సమాధానము చెల్లదు.

రెండవ పెద్ద వివాదము 2012 నవంబరు 20 నాటిది. ఎవల్యూషన్ ఆఫ్ కాంబాట్ అను పేరుతో పోరాట పద్ధతిని సమూలముగా మార్చినారు. అంతవరకు ఆటగాడు శత్రువుపై ఒకసారి నొక్కి వేచియుండెడివాడు. ఈ ఆటలో కాలము 0.6 సెకనుల ముక్కలుగా నడచును. ఆ తాళమునకు అలవాటుపడినవారికి పోరాటము ఒక విధమైన విశ్రాంతి. కొత్త పద్ధతిలో వరుసగా బొత్తాములు నొక్కుచు రకరకాల దెబ్బలు ప్రయోగించవలెను. ఆయుధముల బలము, కవచముల విలువ, భూతముల శక్తి అన్నియు ఒకేసారి మారినవి. కొత్తది పాతదానికంటె తెలివిగలదని దాని కర్తల అభిప్రాయము. అది నిజమే కావచ్చును. వీణ వాయించువానికి ఒకనాడు చెప్పకుండ పియానో ఇచ్చి, ఇందులో స్వరములు ఎక్కువ గదా అనినట్లున్నది. ముందుగా పరీక్షా రూపమును ఆటగాళ్లకు ఇచ్చిన మాట వాస్తవము. పరీక్ష పెట్టినపుడు ఫలితము ఎట్లు వచ్చినచో పని మానివేయుదురో ముందే నిర్ణయించుకొనవలెను. అట్టి నిర్ణయమేదియు సంస్థ ఆటగాళ్లకు తెలుపలేదు; మార్పు రానే వచ్చినది.

విజ్ఞాన శాస్త్రము చదివినవానికి ఇందులో మరియొక దోషము కనబడును. అదే సంవత్సరము ఫిబ్రవరిలో స్క్వీల్ ఆఫ్ ఫార్చ్యూన్ అను అదృష్టచక్రము పెట్టినారు. ఏప్రిల్ నుండి దానిని త్రిప్పు అవకాశములను నిజమైన డబ్బుకు అమ్మినారు. ఆ చక్రమునుండి అనుభవాంకములు కూడ వచ్చును. 620 గంటల లెక్కను జ్ఞాపకము చేసికొనుడు. నాణెములు కొనువానిని నిషేధించి, అనుభవమును తామే అమ్మిన సంస్థను ఆటగాళ్లు కపటియనుటలో ఆశ్చర్యమేమున్నది? కొద్ది నెలల తేడాతో రెండు పెద్ద మార్పులు జరిగినవి. ఆ పిమ్మట చాలమంది ఆట మానినారు. చక్రమువలన మానినారా, పోరాటమువలన మానినారా? ఎవరును ఖచ్చితముగా చెప్పలేరు. ఒక ప్రయోగమున ఒక్క రాశినే మార్చవలెనని ఎనిమిదవ తరగతి విద్యార్థికి చెప్పుచున్నాము.

డబ్బు సంగతి అంతటితో ఆగలేదు. బ్రిటిష్ పార్లమెంటు దిగువ సభకు చెందిన ఒక సంఘము 2019 సెప్టెంబరులో ప్రచురించిన నివేదికలో, ఒక యువకుడు ఈ ఆటపై ఖర్చు చేసి 50,000 పౌనులకు పైగా అప్పులపాలైనట్లు అతని కుటుంబము చెప్పిన సంగతి ఉన్నది. ఒక ఆటగాడు వారమునకు 1,000 పౌనులు, నెలకు 5,000 పౌనుల వరకు ఖర్చు చేయవచ్చునని సంస్థ ఆ సంఘమునకు తెలిపినది. గడచిన సంవత్సరమున ఆ హద్దును చేరినవాడు ఒక్కడేయని కూడ చెప్పినది. హద్దు ఉన్నదనుటకు అది సాక్ష్యమే. ఒక బొమ్మల లోకమునకు నెలకు అయిదువేల పౌనుల హద్దు ఎవరి మేలుకొరకు పెట్టినదో ఆ సమాధానము చెప్పలేదు. 2023 సెప్టెంబరులో హీరో పాస్ అను మరియొక చెల్లింపు పథకము తెచ్చినపుడు ఆటగాళ్ల వ్యతిరేకత ఎంత తీవ్రమైనదనగా, సంస్థ క్షమాపణ చెప్పి దానిని సవరించి తుదకు ఎత్తివేసినది.

2012 నాటి గొడవకు పరిష్కారము విచిత్రముగా వచ్చినది. సంస్థవద్ద 2007 ఆగస్టు నాటి ఆట నకలు ఒకటి భద్రముగా దొరకినది. దానిని మరల నడపవలెనా యని 2013 ఫిబ్రవరిలో ఓటు పెట్టినారు. ఎన్ని ఓట్లు వచ్చినచో ఎంత సిబ్బందిని కేటాయింతురో, అదనపు రుసుము ఎంత యుండునో 50,000 మొదలు 7,50,000 వరకు నాలుగు మెట్లుగా ముందే ప్రకటించినారు. చందాదారులకే ఓటు. 4,49,351 ఓట్లు వచ్చినవి. 2010 నాటి దానితో పోల్చినచో ఓట్లు సగము కూడ లేవు. అయినను ఇది మేలైన కొలత. ఏలననగా ఓటు వేయువాడు చందా సొమ్ము చెల్లించినవాడు. ఏ ఫలితమునకు ఏమి జరుగునో ముందే తెలిసినవాడు. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అను పేరుతో పాత లోకము ఫిబ్రవరి 22న తెరచినారు. కొన్నేండ్లకు దీనిని ఆడువారు కొత్తదానిని ఆడువారిని మించిపోయినారు.

ఇక్కడ విమర్శకులు సాధారణముగా పొరబడు విషయమొకటి ఉన్నది. ఆటగాళ్లు మార్పునే ద్వేషించుదురని వారు తీర్మానించుదురు. 2007 ఆగస్టు నకలులో గ్రాండ్ ఎక్స్‌ఛేంజ్ లేదు. అది నవంబరున గదా వచ్చినది. పాతదే కావలెనని పోరాడిన ఈ ఆటగాళ్లే 2015లో ఓటు వేసి దానిని తమ లోకములోనికి తెచ్చుకొన్నారు. కొత్త భూములు, కొత్త భూతములు ఎన్నింటినో అంగీకరించినారు. అడుగకుండ వచ్చిన మార్పుపైననే వారి అభ్యంతరము.

ఓల్డ్ స్కూల్‌లో కొత్త విశేషమేదైన చేర్చవలెనన్న ఓటు తప్పనిసరి. నూటికి 75 మంది ఒప్పుకొనవలెనని మొదటి నియమము. దీని అర్థము లెక్కలో చూచినచో తెలియును. వ్యతిరేకించు ఒక్కని మాట అంగీకరించు ముగ్గురి మాటకు సమానము. 2015లో సెయిలింగ్ అను నౌకాయాన విద్యను ప్రతిపాదించినపుడు అధిక సంఖ్యాకులు కావలెనన్నను 75 శాతము రాలేదు. 2019లో వార్డింగ్ అను విద్యకు సుమారు మూడింట రెండు వంతులు అనుకూలముగా వచ్చినవి, అదియును ఓడినది. 2022లో హద్దును 70 శాతమునకు తగ్గించినారు. అప్పుడు వ్యతిరేకి బలము మూడునుండి రెండుంబావు ప్రాంతమునకు దిగినది. 2023లో సెయిలింగ్ మరల ఓటుకు వచ్చి నెగ్గినది. హద్దు తగ్గించుటవలన నెగ్గినదా, ఎనిమిదేండ్లలో ఓటర్లే మారినారా అని వాదించుకొనువారు నేటికిని ఉన్నారు.

నా దృష్టిలో ఈ ఓటు పద్ధతి మెచ్చదగినదే గాని ఒక మూలన గ్రుడ్డిది. ఆట మానివేసినవానికి ఓటు లేదు. ఇంకను చేరనివానికి అసలే లేదు. చందాదారులలోను కొంత నైపుణ్యము సంపాదించినవారే ఓటు వేయవలెను. 92వ మెట్టు దాటినవాడు క్రిందివారికి శ్రమ తగ్గించు ప్రతిపాదనపై ఏమి చెప్పునో ఊహించుట కష్టము కాదు: ‘నేను 620 గంటలు కొట్టితిని, నీవును కొట్టుము.’ మన పరీక్షల సంస్కరణ సభలలో పెద్ద ఉపాధ్యాయులు చేయు వాదనకు ఇది చాల దగ్గర. తరగతిలో ఈ ఓటును నమూనా సమస్యగా ఇచ్చి, ఆట మానిన వారి అభిప్రాయమును కూడ తెలిసికొనుటకు ఏ పద్ధతి అవలంబింతువని అడిగి చూడుడు. మా విద్యార్థులు మూడు పద్ధతులు చెప్పినారు. మూడింటిలోను తిరిగి రాదలచినవారే జవాబు చెప్పుదురు.